రెండోసారి రాని మనిషి

ఎండా వానా లేని రోజు కూడా చంకలో గొడుగుతో వస్తుంది కాబట్టి ఆమె కాలేజీలో అందరికీ గొడుగు మేడమే. ఏటా చెప్పేది అదే పాత ప్రేమ నవల. నాయిక తన మనసు కనుక్కోకుండా పెళ్లి ఖాయం చేసిన మనిషిని నాలుగు మాటలు అనేసి పంపేస్తుంది, కుట్టుపనితో సొంతకాళ్ల మీద నిలబడుతుంది. కోపం చల్లారాక తన తొందరపాటు తనకే తెలిసొస్తుంది. అతనూ మారి మళ్లీ వచ్చి అడిగితే, ఈసారి ఇష్టపడి ఒప్పుకుంటుంది. "ఇదీ వ్యక్తిత్వ వికాసమంటే. రాసుకోండి," అంటుంది మేడమ్. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటారు.

ఉద్యోగం మానేస్తేనే పెళ్లన్నందుకు మేడమ్ కూడా ఒకప్పుడు ఒకతన్ని కాదంది. తనన్న మాటల్లో కొన్ని ఎక్కువే అని ఆమెకూ తర్వాత తెలిసొచ్చింది. అతను మాత్రం మళ్లీ రాలేదు. ఇప్పుడు తమ్ముడింట్లో వీధి గది ఆమెది. మరదలు కాఫీ అక్కడికే పంపుతుంది.

మొన్న క్లాసులో చివరి బెంచీ అమ్మాయి లేచింది. "అతను రెండోసారి రాకపోతే, మేడమ్?"

"రాకపోతే ఏం? ఆమె ఎదిగింది ఎదిగినట్టే కదా."

"మరి ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది మేడమ్?"

క్లాసు గొల్లుమంది. మేడమ్ కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"ఎవరికీ తెలియదమ్మా. చాన్నాళ్లు గుమ్మం వైపే చూస్తుంది. తర్వాత చూడటం మానేస్తుంది."

ముందు వరస పిల్లలు అదీ జవాబే అనుకుని గబగబా రాసుకుంటున్నారు.

"'గుమ్మం వైపే' అన్న దగ్గర్నుంచి ఇంకోసారి చెప్పరా మేడమ్, రాసుకోవడానికి అందలేదు," అంది ఒకమ్మాయి.

మేడమ్ ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, మళ్లీ చెప్పింది.