అయ్యగారి అరచెయ్యి

మా చర్చి అయ్యగారిని ఏం అడిగినా ముందు కుడి అరచెయ్యి ఎత్తి చూపించేవారు. యవ్వనస్తుల కూటంలో నేనొకసారి అడిగాను.

"మొదట్లో విశ్వాసులు ఇండ్లలోనే కూడి ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచినారు కదా అయ్యగారూ, అప్పుడు పెద్ద ఎవురు?"

అరచెయ్యి లేచింది.

"యేసుప్రభువు పంపిన అపొస్తలులు కొందరి తలమీద చేతులుంచినారు. వాళ్లు ఇంకొందరి తలమీద ఉంచినారు. అట్లా దిగొచ్చిన చెయ్యప్పా ఇది. అధికారం దీనికే ఉండాది."

పూతలపట్టు దగ్గర మా సంఘం మొదలైంది మా అవ్వ ఇంటి వసారాలోనే. అయ్యగారు రాకముందు ఏళ్ల తరబడి రొట్టె విరిచి పంచింది ఆమే. ఒక ఆదివారం అయ్యగారి బస్సు దారిలో చెడిపోయింది. జనం మధ్యాహ్నందాకా కాచుకున్నారు. చివరికి అవ్వే లేచి, పాత అలవాటుకొద్దీ రొట్టె విరిచి అందరికీ పెట్టింది.

తర్వాతి ఆదివారం ఆయన అందరి ముందూ ఆమెను నిలబెట్టారు.

"నీ తలమీద ఎవురు చేతులుంచినారు?"

"ఎవురూ ఉంచలేదు నాయనా. అప్పుడు ఈడ ఎవురూ లేరు గదా," అంది అవ్వ.

ఆయన కోప్పడలేదు. ఆరోజు రొట్టె పంచుతూ, చాచిన అవ్వ చేతుల దగ్గర మాత్రం ఆగకుండా ముందుకు నడిచారు. ఆయన వెనక పళ్లెం పట్టుకున్నది నేను. నేనూ ఆగలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆగలేదు.

మరుసటేడు ఆయన ఆ చెయ్యి నా తలమీద ఉంచి, నన్ను సంఘపెద్దను చేశారు. చాలా మెత్తటి చెయ్యి. ప్రార్థన ముగియగానే, చివరి వరసలోంచి అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది మా అవ్వే.