క్లచ్ లేని కారు, పాలకుర్తి ఎత్తు

ఎనభైల్లో క్లచ్ లేని పాత విదేశీ కారొకటి వరంగల్‌కు తెచ్చుకున్నాను. గేర్లు వాటంతటవే మారతాయి కాబట్టి ఇక నాకు బుద్ధితో పని లేదనుకున్న మూర్ఖుణ్ణి. కొన్నాళ్లకు ఎత్తు వస్తే చాలు, ఇంజన్ హోరెత్తేది. కారు మాత్రం కలలో పరుగెత్తే మనిషిలా ఉన్నచోటే ఉండేది.

"బావా, నీ కారు ఉరుకుతలేదు, ఒర్రుతాంది!" అంటూ నా బావమరిది దిగి నెట్టేవాడు. ఈసారి పాలకుర్తి దారిలో ఎత్తు ఎక్కకపోతే అమ్మేద్దామంది మా ఆవిడ.

గేరుబాక్సు నూనె రోజూ చూసేవాణ్ణి, నిండుగానే కనిపించేది. పెట్రోలు దండగని ఇంజన్ ఆపాకే బానెట్ ఎత్తడం మా అందరి అలవాటు. ఒక మంచు పొద్దున, ఊరంతా తిరిగొచ్చి, ఏదో పరధ్యానంలో ఇంజన్ ఆపకుండానే నూనె మట్టం చూసే కొలపుల్ల తీశాను. కొస కూడా తడవలేదు. ఇంజన్ ఆగితే పైనున్నదంతా కిందికి దిగి నిండుగా కనిపించే ఈ నూనె, ఇంజన్ వేడిగా తిరుగుతున్నప్పుడే నిజం చెబుతుందని అప్పుడర్థమైంది. కొత్త నూనె పోశాను, ఎవరికీ చెప్పలేదు.

పాలకుర్తి ఎత్తు మొదట్లో ఎప్పట్లాగే కారు ఆపాను. "జర ఆగు బావా, నూకుత," అంటూ బావమరిది అలవాటుగా దిగి వెనక్కి వెళ్లాడు. చేతులు ఆనించేలోపే కారు మబ్బులా తేలుతూ పైకి సాగింది. అద్దంలో చూశాను. రెండు చేతులూ చాచి గాలిని నెడుతున్నాడు. ఎత్తు పైకి చేరేదాకా నేను కారు ఆపలేదు.