పెద్దసారు దండ కోసిన వకీలమ్మ

ఆ రోజుల్లో లెక్కలు చెప్పడమంటే సూత్రాలను రాగం తీసి పాడించడమే అనుకునేదాన్ని. పుంగనూరు బళ్ళో ఏడాది ఒప్పందం మీద చేరిన కొత్త మేడంని. (చీర కుచ్చిళ్ళు నిలిచేవి కావు గానీ, గొంతు బాగానే నిలిచేది.) మదనపల్లె నుంచి పెద్దసారు తనిఖీకి వస్తారని, ఆయన సరేనంటేనే నా ఉద్యోగం మరో ఏడాది ఉంటుందని హెడ్మాస్టరు చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. వారమంతా ఎనిమిదో తరగతి చేత "వృత్త వైశాల్యం పై ఆర్ స్క్వేర్" అని పాడించాను. అందరూ పాడారు, వకీలమ్మ తప్ప. ప్రతిదానికీ "యాల మేడం?" అని, అంటే ఎందుకని, నిలదీస్తుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. వాళ్ళింట్లో పూలు కట్టి అమ్ముతారు. తనిఖీ రోజు ఆ పిల్లను ముందుజాగ్రత్తగా చివరి బెంచీకి పంపాను.

పెద్దసారు వచ్చి, పాటంతా విని, అది పై ఆర్ స్క్వేరే ఎందుకు కావాలని అడిగారు. పిల్లలు నా వైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను. అంతలో వకీలమ్మ చక్కా వచ్చి, సారుకు వేయడానికి బల్ల మీద పెట్టిన పొడుగాటి చామంతి సరాన్ని అంగడిలో చుట్టినట్టు గుండ్రంగా, సందులేకుండా చుట్టింది. పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతో అంచు నుంచి నడిమి దాకా కోసేసింది.

"యాలమ్మా కోస్తాండావు, సారుకు వేసే దండ గదా అది," అన్నారు హెడ్మాస్టరు నీరసంగా.

ఆ పిల్ల వినిపించుకోలేదు. తెగిన ముక్కలను సాపుచేసి, అన్నిటికన్నా పొడుగుది అడుగున, దానికన్నా పొట్టిది దానిపైన పేర్చుకుంటూ పోయింది. చివరికి బల్ల మీద చామంతుల త్రిభుజం నిలిచింది.

"సూడండి సార్. అడుగున ఉండేది చుట్టుకొలత, టూ పై ఆర్. ఎత్తేమో వ్యాసార్ధం, ఆర్. రెండూ గుణించి సగం చేస్తే పై ఆర్ స్క్వేర్ వస్తాది."

(నాకూ అప్పుడే అర్థమైంది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా గట్టిగా తలూపాను.)

ఎవరు నేర్పించారని పెద్దసారు అడిగారు. నేను మళ్ళీ గడియారం వైపు చూశాను.

"ఎవురూ నేర్పలేదు సార్. పూలు చుట్టుకుంటా ఆలోచించినా. యాల అని ఎన్నిసార్లడిగినా మా మేడం కొట్టదు సార్."

పెద్దసారు నన్ను చూసి నవ్వారు. పోయేటప్పుడు త్రిభుజం కొసనున్న ఒంటి చామంతిని జేబుకు పెట్టుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. చివరి బెంచీ గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు కుప్పం వైపు బళ్ళు చూడటానికి నేనే పెద్దమేడంనై వెళ్తున్నాను. పిల్లలు పాడతారు, దండ వేస్తారు. వెంటనే దాన్ని తీసి, వాళ్ళకు అందేటట్టు బల్ల మీద పెట్టి, ఎందుకని అడిగి కాసేపు ఎదురుచూస్తాను. ఇంతవరకూ ఎవరూ కోయలేదు. అట్లా కోయకుండా మిగిలి ఇంటికొచ్చిన దండలను చూసి, మా ఇంట్లోవాళ్ళు మాత్రం నేనేదో గొప్పగా వెలగబెడుతున్నాననుకుంటున్నారు.