వాడని జాగ, వదలని దస్తీ

సిద్దిపేటలో మా పాత కంప్యూటర్ సెంటర్ సంగతి గుర్తున్నవాళ్లు ఇప్పటికీ రెండు మాటలు చెబుతారు. మొండికేసిన మిషన్‌ను నేను ఒక్కడినే బాగుచేశానన్నది మొదటిది. దాన్ని పాడుచేసింది మాతో పనిచేసిన భాయ్ అన్నది రెండోది, కీబోర్డును కొట్టి కొట్టి. మొదటి మాట విన్నప్పుడల్లా నేను వినయంగా తల వంచుకునేవాడిని. వినయంలో నాకు మంచి సాధన ఉంది. ఆ రెండూ అబద్ధాలే.

తొంభైల నడుమ సంగతి ఇది. బస్టాండు దారిలో, ఒక బట్టల దుకాణం పైన ఉండేది మా సెంటర్. యజమానిది తొగుట వైపు భూములున్న కుటుంబం. ఎవరైనా పటేలా అని పిలిస్తే ముఖం ముడుచుకునేవాడు, తలుపు మీద మాత్రం 'డైరెక్టర్' అని పెద్దగా రాయించుకున్నాడు. ఆ అక్షరాలు రాసింది భాయే. అప్పటిదాకా అతను దుకాణాల బోర్డులు రాసేవాడు, తెలుగులోనూ ఉర్దూలోనూ. గీత గీసుకోకుండానే వరుస తప్పని చెయ్యి. బోర్డుల కాలం అయిపోతుందన్న భయంతో, పెండ్లి కార్డులు కంప్యూటర్‌లో కూర్చే పనికి మా దగ్గర చేరాడు. నేను అక్కడ పాఠాలు చెప్పే సార్‌ని. హైదరాబాద్‌లో ఆరు నెలలు నేర్చుకుని వచ్చాను కాబట్టి నాకు తెలియనిదంటూ లేదు.

ఉన్నది ఒక్క పెద్ద మిషన్. దానికి నాలుగు తెరలు, నాలుగు కీబోర్డులు. తెర ముందు కూర్చున్న ప్రతివాడికీ తనకొక సొంత కంప్యూటర్ ఉన్నట్టే అనిపిస్తుంది కానీ అది ఉత్తుత్తి కంప్యూటర్. నలుగురూ వాడే మెమరీ ఆ పెద్ద మిషన్‌దే. అదీ ఇప్పటి ఫోన్‌లో ఒక ఫోటోకు సరిపోయేంత. ఎవరైనా ఎక్కువ అడిగితే, ఉంటే ఇచ్చేది. లేకపోతే అడిగినవాడి తెర మీద 'మెమరీ చాలదు' అని చూపించి బిగుసుకుపోయేది.

ఇక మా అలవాటు చెప్పాలి. హైదరాబాద్ బస్సు స్టాండులో ఆగకముందే పరుగెత్తి కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తాం. దస్తీ పడితే సీటు మనది. తర్వాత తీరిగ్గా ఎక్కవచ్చు, ఎక్కకపోయినా ఎవడూ కూర్చోడు. నేను మిషన్‌లోనూ అదే పని చేశాను. పొద్దున అందరికన్నా ముందు వచ్చి, నా ఉత్తుత్తి కంప్యూటర్‌లో ఎప్పుడో చెప్పబోయే ఒక పెద్ద లెక్కల పట్టికను తెరిచేవాడిని. అది దొరికినంత మెమరీ లాక్కున్నాక పట్టికను మూసి ఛాయ్‌కి దిగేవాడిని. తీసుకున్నది తిరిగి ఇచ్చేశానన్న తృప్తి కూడా ఉండేది.

ఇవ్వలేదు. పట్టిక మూస్తే ఆ మెమరీ ఖాళీ అయిందని నా ఉత్తుత్తి కంప్యూటర్‌కే తెలుస్తుంది, పెద్ద మిషన్‌కు అది చెప్పదు. కిరాయికి ఉన్నవాడు సామానంతా ఎత్తేసి, గదికి తాళం మాత్రం వేసుకుని పోయినట్టు. ఇంటివాడి లెక్కలో ఆ గదిలో ఇంకా మనిషి ఉన్నాడు. ఉత్తుత్తి కంప్యూటర్‌ను పూర్తిగా ఆపితే తప్ప ఆ జాగ వెనక్కి రాదు. ఇప్పటి మిషన్లకు కొంత మర్యాద నేర్పారు. పెద్ద మిషన్ ఒక్కో ఉత్తుత్తి కంప్యూటర్ లోపల ఒక గాలిబుగ్గను ఊదిస్తుంది. దానికి చోటివ్వడానికి లోపలివాడు తాను వాడనిదంతా వదులుతాడు, ఆ చోటును పెద్ద మిషన్ తీసుకుని అవసరమున్నవాడికి ఇస్తుంది. ఆ రోజుల్లో మా సెంటర్‌లో అలాంటి బుగ్గ లేదు, నేనున్నాను.

పెండ్లి కార్డులో వినాయకుడు, అంచుల పూలు మెమరీ ఎక్కువ అడుగుతాయి కాబట్టి బిగుసుకుపోయేది ఎప్పుడూ భాయ్ తెరే. డైరెక్టర్ న్యాయం చాలా సులువు. ఎవడి తెర మీద ఆ మాట వస్తే వాడే దోషి. ఆకలి అన్నవాడే వంటంతా తిన్నాడన్నమాట.

"ఏంది భాయ్, గది కీబోర్డా, డప్పా? జెర మెల్లగ కొట్టరాదు?"

"మెల్లగనే కొడ్తున్న పటేలా, ఖసమ్ సే."

"నీ చెయ్యి బరువయ్యా. బోర్డులు రాసే చెయ్యి. గిది సున్నితమైన పని."

మేమంతా నవ్వేవాళ్లం. నేను కొంచెం గట్టిగా.

కరెంటు తరచూ పోయేది. తిరిగి వచ్చి మిషన్ లేచినప్పుడు మాత్రం భాయ్ కార్డు చకచకా తయారయ్యేది, నేను ఛాయ్ తాగి వచ్చి మళ్లీ పట్టిక తెరిచేదాకా.

"కరెంటు పోతేనే నీ పని అయితది గద భాయ్! లైన్‌మన్‌కు చెప్పి రోజూ తీపియ్యాల్నా?" అన్నాడొకసారి డైరెక్టర్.

నేను నవ్వబోయి ఆగాను. కరెంటుతోపాటు పోతున్నది భాయ్ చేతి బరువు కాదు, నా దస్తీ. సంగతి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా వెళ్లి పట్టిక తెరిచాను. పిల్లల ముందు సార్ తెర బిగుసుకుపోతే ఎంత నామోషీ!

దౌల్తాబాద్ నుంచి పెండ్లివారు వచ్చి కార్డుల కోసం కూర్చున్న రోజు భాయ్ తెర మళ్లీ బిగుసుకుంది. ఆపి తెరిచాడు, మళ్లీ అంతే. నిద్రపోయే పసిపిల్లను తాకినట్టు వేళ్ల కొసలతో తాకుతున్నాడు మీటలను. నేను చూస్తూ కూర్చున్నాను. నా తెర మీద ఏ పనీ లేదు.

"రేపటిసంది రాకు భాయ్. నీ చెయ్యి మిషన్‌కు పడ్తలేదు," అన్నాడు డైరెక్టర్, అందరి ముందే.

భాయ్ తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చెయ్యి గిట్ల ఎన్నడు లేకుండె సార్," అని నాతో అని మెట్లు దిగిపోయాడు.

మిగిలిన కార్డు పూర్తిచేయడానికి డైరెక్టరే కూర్చున్నాడు. వినాయకుడిని తెరవగానే ఆయన తెరా బిగుసుకుంది. పెండ్లివారి పెద్దమనిషి తాపీగా అడిగాడు: "పటేలా, మీ చెయ్యి గూడ బరువేనా?"

"నాది గాదు. వాడు కొట్టి కొట్టి ఖరాబ్ చేసి పోయిండు. సార్, జెర చూడున్రి."

నేను మిషన్ వెనక్కి వెళ్లి తీగలు కదిపాను, దుమ్ము ఊదాను. గంభీరంగా తిరిగి వచ్చి నా ఉత్తుత్తి కంప్యూటర్‌ను ఆపేశాను. ఆయన మళ్లీ తెరిస్తే వినాయకుడు పూర్తిగా వచ్చాడు. ఆ పూట నాకు స్పెషల్ ఛాయ్ తెప్పించారు. తాగాను.

కొన్నేళ్లకు భాయ్ కనిపించాడు, ఒక దుకాణం షట్టర్‌కు వెడల్పాటి బ్రష్‌తో రంగు వేస్తూ.

"అక్షరాలు రాస్తలేవా భాయ్?"

"చెయ్యి బరువైంది గద సార్. మీ ముంగటనే అన్నరు."

అక్కడే నిలబడి అంతా చెప్పాను. అతను బ్రష్ దించి విన్నాడు.

"అయితే ఎరికుండే నన్ను పోనిచ్చిన్రా?"

అవునని తల ఊపాను.

"నాకు చెప్తే ఏమొస్తది సార్? గా మాట నమ్మినోళ్లకు చెప్పున్రి," అని షట్టర్ వైపు తిరిగాడు.

చెప్పాను, కనబడ్డవాళ్లందరికీ. "సార్‌ది ఎంత పెద్ద మనసు, భాయ్ తప్పు గూడ తన మీదనే ఏస్కుంటుండు," అన్నారు. నా వినయం అంత బాగా పాతుకుపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఈసారి తల వంచుకోకుండా. భాయ్ చెయ్యి ఎన్నడూ బరువు కాదు.