జగిత్యాల వైద్యం, కోరుట్ల విస్తరి

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడి భోజనం కరెంటు చేతిలో ఉంటుంది. కరెంటు పోతే తినడం మొదలుపెడతాం, వస్తే సగం కంచం వదిలేసి సాంచెల దగ్గరికి ఉరుకుతాం. చేతులకు నూనె అంటుకుని ఉంటుంది కాబట్టి నేను చెంచాతో, అదీ నిలబడే తినేవాణ్ణి. దాంతో ఏం తిన్నా కడుపుబ్బరం, పులితేన్పులు. పెళ్లయిన ఏడాదిలో కోరుట్లలోని అత్తగారింటికి ఎన్నిసార్లు వెళ్లినా నాలుగు ముద్దలకే చేయి కడిగేశాను. తన చేతి వంట అల్లుడికి నచ్చడం లేదని అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకుని బాధపడిందట. ఇంతలో దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మామ తిరిగి వెళ్లే రోజు దగ్గర పడింది. నా భార్య లక్ష్మి ఒక్క మాటలో తేల్చేసింది.

"ఈసారి నాయిన ముంగట కడుపునిండ తినాలె. లేకుంటే నేను ఆడనే ఉంట, నువ్వొక్కనివే రా."

ముందు జగిత్యాలలో వైద్యుణ్ణి చూసి, ఆ తర్వాత కోరుట్లలో విందుకు కూర్చోవాలని ప్రయాణం ఖాయమైంది.

పొద్దున ఆరింటికి సిరిసిల్లలో బస్సెక్కాం. వేములవాడలో దిగి జగిత్యాల బస్సుకు మారాలి. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట. వేములవాడలో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాల వేయాల్సిందే, వేసి ఊరుకోకుండా వెంటనే ఎక్కాలి కూడా. నేను ఎక్కేసరికి నా తువ్వాల మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది, ఆమె ఒళ్లో కోడిపుంజు. తువ్వాల మెత్తగా ఉందని మెచ్చుకుంది తప్ప లేవలేదు. లక్ష్మి నవ్వు అక్కడ మొదలైంది.

అడవిలో ఉన్న అన్నల పేరెత్తాలన్నా, పోలీసుల పేరెత్తాలన్నా గొంతు తగ్గించే రోజులవి. చీకటి పడితే బస్సులు తిరిగేవి కావు. దారిలో పోలీసులు బస్సు ఆపి అందర్నీ దింపి సంచులు వెతికారు. నా సంచిలో నాలుగు పొట్లాల పొడి దొరికేసరికి పక్కనున్నవాళ్లు దూరం జరిగారు. అది వాము, సొంఠి, ఇంగువ కలిపి నూరిందని, గ్యాసుకు వాడతానని చెప్పాను. పోలీసాయన వాసన చూశాడు, గట్టిగా తుమ్మాడు, అటూ ఇటూ చూసి చిటికెడు నోట్లో వేసుకున్నాడు. బస్సు కదిలి మలుపు తిరిగాక అందరూ ఒక్కసారిగా నవ్వారు. పెద్దమ్మ కూడా తనకో చిటికెడు అడిగి తీసుకుంది.

పది గంటలకు జగిత్యాల. బస్టాండులో చాయ తాగి, కోటకు వెళ్లే దారిలో ఉన్న వైద్యుడి ఇల్లు వెతుక్కున్నాం. ఆయన నాడి చూసి, నా పొట్లాలు పక్కన పడేసి, నా చేతులు ఇటూ అటూ తిప్పి చూశాడు. అయిదు వేళ్లూ పంచభూతాలట, అవి అన్నాన్ని తాకితేనే జఠరాగ్ని మేలుకుంటుందట. నేను చెంచా సంగతి చెప్పాను.

"ముద్ద వేడిదా సల్లదా ముందుగాల వేళ్లు చెప్పాలె. చెంచా ఏం చెప్తది?" అన్నాడు.

ఆ తర్వాత నియమాలు చెప్పాడు. నేల మీద కూర్చోవాలి, చూపు విస్తరి మీదే ఉండాలి, మెత్తగా నమలాలి. తినడం అయ్యేదాకా లేవకూడదు, చేయి కడిగేదాకా మాట్లాడకూడదు. మధ్యలో కరెంటు వస్తే ఎట్లా అని అడిగాను. రానీ అన్నాడు.

మధ్యాహ్నానికి కోరుట్ల చేరాం. నా నియమాల సంగతి ఇంట్లో చెప్పే పని లక్ష్మిది. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి తల్లితో కబుర్లలో పడి మరచిపోయింది. నేను కాళ్లూ చేతులూ కడుక్కుని మోదుగాకుల విస్తరి ముందు కూర్చున్నాను. గారెలు, మాంసం కూర, పచ్చిపులుసు. అన్నంలో వేళ్లు పెట్టగానే వెచ్చదనం తెలిసింది. నిజం చెప్పొద్దూ, నోట్లో పెట్టకముందే నీళ్లూరాయి.

ప్రయాణం బాగా జరిగిందా అని మామ అడిగాడు. నేను పలకలేదు. ఉప్పు సరిపోయిందా అని అత్తమ్మ అడిగింది. పలకలేదు, తలెత్తలేదు. మా వైపు కొత్త అల్లుడు విస్తరి ముందు నోరు కట్టేసుకున్నాడంటే అలిగాడనే లెక్క. చేతిలో ఏదో ఒకటి పెట్టేదాకా అలక తీరదు. అయితే అలిగినవాడు తినడు, నేనేమో అలిగి మరీ తింటున్నాను. అటువంటి అల్లుణ్ణి కోరుట్ల అంతవరకు చూసి ఉండదు. పక్కింటివాళ్లు కిటికీ దగ్గర చేరారు.

కాసేపటికి నా విస్తరి పక్కకు ఒక సెంటు సీసా వచ్చింది. నేను నములుతున్నాను. దుబాయి కంబళి వచ్చింది. టేపు రికార్డరు వచ్చింది. ఓరకంట చూస్తే లక్ష్మి గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. విషయం అర్థమైంది గానీ మహాతల్లి నోరు విప్పదు. నాకూ నవ్వొచ్చి ముద్ద గొంతులో అడ్డం పడింది.

అప్పుడు ఆకు పక్కన గడియారం పెట్టాడు మామ.

"పెట్టుకో అల్లుడా. అన్నం మీద అలుగొద్దు."

నియమం తప్పి తలెత్తాను. ఆయన మణికట్టు మీద గడియారం ఉన్నచోట తెల్లటి చార. దుబాయిలో మొదటి జీతంతో కొన్న గడియారం అది, స్నానానికి తప్ప తీసేవాడు కాదు. నవ్వు ఎటుపోయిందో పోయింది. నా మీద నాకే సిగ్గేసింది. ఎడమచేత్తో గడియారాన్ని ఆయన వైపు జరిపి, కుడిచేత్తో అన్నం గిన్నె చూపించాను.

అత్తమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఏడాదిలో నేను మారు అన్నం అడగడం అదే మొదటిసారి. అడిగింది ఒక గరిటె, వడ్డించింది మూడు. సగం కడుపే నింపమంటుంది ఆయుర్వేదం, ఆ మాట ఆవిడకు చెప్పేదెవరు? అంతా తిని, లేచి చేయి కడుక్కుని, కడుపు నిండింది అత్తమ్మా అన్నాను. ఆవిడ ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

వైద్యం సంగతి విని మామ చాలాసేపు నవ్వాడు. నవ్వీ నవ్వీ, తనకూ విస్తరి వేయమన్నాడు. దుబాయి క్యాంపులో పని బస్సు హారను కొడుతుంటే నిలబడి తినడమేనట. ఆ పూట మాట్లాడకుండా, ఒక్కో ముద్ద చూసుకుంటూ తిన్నాడు.

నాలుగింటికి ఆఖరి వేములవాడ బస్సు. మామ బస్టాండుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నేను పోయినంక మీ అత్త పొయ్యి ముట్టియ్యది. ఒక్కదాని కోసం ఎందుకని చాయ తాగి పండుకుంటది. నెలకోపాలి అచ్చి గిట్లనే కూసోని తిను. నీ కోసమన్న వండుతది."

వస్తానన్నాను. బస్సు కదిలి కథలాపూర్ దాటేదాకా లక్ష్మి కిటికీలోంచి బయటికే చూసింది. నా కడుపులో ఉబ్బరం లేదు, తేన్పు లేదు. వేళ్లకు ఇంకా మసాలా వాసన ఉంటే మాటిమాటికీ చూసుకుంటున్నాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఏ పెళ్లిలో తిన్నారని అడిగాడు. అత్తగారింట్లో అన్నాను గర్వంగా.

వచ్చే నెల రెండు విస్తళ్లు వేయిస్తానని, ఎదురుగా అత్తమ్మను కూర్చోబెడతానని లక్ష్మితో చెప్పాను. తినడం అయ్యేదాకా లేవకూడదనే నియమం ఆవిడకూ చెప్తానన్నాను.

"అవ్వ లేవకుంట తింటదా?" అంది లక్ష్మి, కళ్లు తుడుచుకుంటూ.

"లేస్తే అలుగుత."