బస్సెక్కిన మిరపకాయలు

గుంటూరులో పుట్టి పెరిగిన నేను దేశం దాటకుండానే ప్రవాసినయ్యాను. ఉద్యోగం నన్ను మదురైకి తెచ్చి పడేసి నాలుగేళ్ళవుతోంది. తమిళంలో బస్సు బోర్డులు చదవడం వచ్చింది, కూరగాయలు బేరమాడడం వచ్చింది, మనసులో మాట చెప్పుకోవడం మాత్రం ఇంకా రాలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే కెమెరా కొన్నానేమో. ఆదివారాలు ఊరి చుట్టుపక్కల తిరిగి ఫోటోలు తీసుకునే ఔత్సాహికుల బృందం ఒకటుంది మాకు. ఆ నెల వాళ్ళిచ్చిన అంశం ఎరుపు. అందరూ పట్టుచీరల కొట్ల చుట్టూ, పూల బజారు చుట్టూ తిరుగుతుంటే నాకు పంతం పుట్టింది. మిరపకాయల ఊరిదాన్ని, ఎరుపంటే ఏమిటో నేను చూపిస్తానని ఒక మార్చి నెల ఆదివారం ఒంటరిగా బయల్దేరాను.

పొద్దున ఆరు దాటాక రైలెక్కితే గంటలోపే విరుదునగర్. జనరల్ టిక్కెట్టు మన టిఫిన్ ఖర్చుకంటే తక్కువే. మార్కెట్ వీధుల్లో మిరప బస్తాల గుట్టలు కనిపిస్తాయనుకుంటే, ఆదివారం కదా, గోదాముల తలుపులకు తాళాలు కనిపించాయి. మొహం వేలాడేసుకుని స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో దోసె తింటుంటే, పెనం దగ్గరున్న వంటాయన నా అవస్థ అడిగి తెలుసుకున్నాడు. బస్తాల్లో ఉన్న కాయను ఫోటో తీసి ఏం లాభం, కోవిల్‌పట్టి దాటి నాగలాపురం వైపు వెళ్ళండి, అక్కడ రోడ్డు మీదే ఎండబోస్తారు అన్నాడు. నా తమిళానికి జాలిపడి ఒక్కో ముక్కా రెండుసార్లు చెప్పాడు పాపం. రెండో దోసెకు డబ్బులు తీసుకోలేదు.

అక్కణ్ణించి బస్సులో కోవిల్‌పట్టికి ఇంకో గంట. అక్కడ దిగాక వేరుశనగ మిఠాయి చేసే ఇంటికి వెళ్ళకుండా ఎలా ఉంటాం? పాకం పట్టే గదిలోకి రానిచ్చారు కానీ బెల్లం ఆవిరికి లెన్సంతా మసకబారిపోయింది. ఒక్క ఫోటోకూ నోచుకోక, రెండు పొట్లాలు మిఠాయి మాత్రం కొనుక్కుని బస్టాండుకు నడిచాను. విళాత్తికుళం మీదుగా నాగలాపురం వెళ్ళే బస్సుకు టిక్కెట్టు యాభై రూపాయల్లోపే. కిటికీ సీటు కోసం కాస్త ముందే ఎక్కి కూర్చోండి, ఎండైనా సరే. ఊరు దాటగానే రెండు వైపులా నల్లరేగడి మొదలవుతుంది. కోసేసిన పత్తి మోళ్ళు, అక్కడక్కడా తుమ్మచెట్లు, మధ్యలో నిటారుగా పోయే తారురోడ్డు.

విళాత్తికుళం దాటిన కాసేపటికి నేను కోరుకున్నది కనపడింది. రోడ్డు అంచున, ఫర్లాంగు పొడవునా, గుండ్రటి ఎర్ర మిరపకాయలు పరిచి ఉన్నాయి. కింద నల్లటి రోడ్డు, పక్కన నల్లటి నేల. అదే సమయానికి తూర్పున కారుమబ్బు ఒకటి లేచింది. ఎరుపు మీద నలుపు, దాని మీద ఇంకో నలుపు. ఎంత బాగుంది మబ్బు అని పైకే అనేశాను. పక్కసీటు ముసలాయనకు తెలుగు అర్థమైందో, నా మొహంలో సంబరం అర్థమైందో గానీ నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. డ్రైవరు ఇంజను ఆపి లుంగీ ఎగ్గట్టి దిగాడు. కండక్టరు దిగాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అందరూ లేచి వరసగా దిగిపోతున్నారు. చంకలో పిల్లాడున్న ఒకావిడ వాణ్ణి ముసలాయన ఒళ్ళో కూర్చోబెట్టి దిగింది. ఎందుకో తెలియక నేనూ దిగాను, అలవాటుగా కెమెరా తీశాను.

రోడ్డు మీద ఇద్దరే ఆడవాళ్ళున్నారు. యాభై ఏళ్ళావిడ, పేరు గురవమ్మ అని తర్వాత తెలిసింది, ఆమె తోడికోడలు. చేటలతో కాయను కుప్పకు లాగుతున్నారు, పైన కప్పే పట్టా చిరిగి గాలికి కొట్టుకుంటోంది. "ఆ కొస తొక్కిపట్టే, వానొచ్చేస్తుండాది" అని గురవమ్మ తోడికోడలితో అంది. నాలుగేళ్ళుగా ఇంట్లో ఫోనులో తప్ప వినని భాష, ఎవరిదో పొలం పక్కన రోడ్డు మీద వినపడేసరికి నా చేతిలో కెమెరా ఆగిపోయింది. అక్కా, నేను పట్టుకుంటాను అన్నాను. గురవమ్మ నావైపు తిరిగింది.

"తెలుగుదానివా తల్లీ? మెళ్ళో ఉండే ఆ కేమరా బస్సులో పెట్టి రా. రెండు చేతులూ కావాల."

పెట్టి వచ్చాను. గోతాలు పట్టేవాళ్ళు పడుతుంటే, మిగతావాళ్ళం చేతులతోనే ఎత్తి పోశాం. తడిస్తే కాయ మచ్చలు పడి తాలైపోతుందని, తాలుకాయను వ్యాపారి కన్నెత్తి చూడడని గుంటూరుదాన్ని నాకు తెలియదూ? తెలిసీ మబ్బు బాగుందన్నాను. మర్నాడు పొద్దున విరుదునగర్ నుంచి బండి వచ్చి తీసుకెళ్ళాల్సిన కాయ అది. ఏడాది మొత్తానికి ఆ ఇంటికి వచ్చేది అదొక్కటే. గోతం మూతి బిగిస్తూ గురవమ్మ నాతోనో, మబ్బుతోనో అంది.

"ఇత్తనం ఏసినప్పుడు ఆకాశం చూస్తా కూసుంటిమి, రాలా. మళ్ళా ఏస్తిమి. ఇప్పుడు కాయ ఎండినాక వస్తుండాది సూడు."

చినుకులు మొదలయ్యాయి. పట్టా గాలికి లేచి తుమ్మకంపలో చిక్కుకుంది. నిండిన గోతాల మీద కప్పడానికి ఇంకేమీ లేదు. డ్రైవరు పరుగెత్తి బస్సును వెనక్కి తెచ్చి, వెనక తలుపు కుప్పకు ఆనించాడు. ఆలస్యానికి తను జవాబు చెప్పుకుంటానని కండక్టరుకు చెప్పి, గోతాలు లోపలికి ఎక్కించమన్నాడు. సీట్ల మధ్య, సీట్ల మీద, మెట్ల మీద గోతాలు. ఆఖరి గోతం ఎక్కేసరికి వాన దంచేసింది. రోడ్డు చివర ఒక చాపంత కాయ మిగిలిపోయి తడిసింది. మిగిలిందంతా బస్సులో ఉంది.

కిటికీ షట్టర్లు దించాక మొదలైంది అసలు కథ. ఒకడు తుమ్మాడు. తర్వాత బస్సంతా తుమ్మింది. గురవమ్మ ఒక గోతం మీద కూలబడి ఏడ్చింది. ఏడుపా, ఘాటా అని ఎవరూ అడగలేదు, అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. నా పక్కన నిలబడి కళ్ళు నులుముకుంటున్న డ్రైవరును, ఈ దారిలో ఎప్పుడూ ఇలాగే ఆపుతారా అని వచ్చీరాని తమిళంలో అడిగాను. ఆయన చెప్పింది మాత్రం ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.

"ఇంకో రెండూళ్ళ అవతల మా ఇంటావిడ కాయ కూడా రోడ్డు మీదే ఉందమ్మా. అక్కడ ఇంకో బస్సు ఆగి ఉంటుంది."

వాన అరగంటలో వెలిసింది. బస్సులోనే ఊళ్ళోకి తీసుకెళ్ళి గోతాలు గురవమ్మ ఇంటి అరుగు మీదికి చేర్చాం. మండుతున్న నా చేతులకు తోడికోడలు నువ్వులనూనె రాసింది. ఈ భాష మీకెలా వచ్చిందని అడిగితే, ఇంట్లో ఇదే, వాకిలి దాటితే అరవం అని నవ్వింది. మళ్ళీ బస్సెక్కబోతుంటే గురవమ్మ పిలిచి, ఇప్పుడు తియ్యి తల్లీ అంది. డ్రైవరు, కండక్టరు, ముసలాయన, పిల్లాడు, అందరూ గోతాల ముందు నిలబడ్డారు. సరిగ్గా బటన్ నొక్కేటప్పుడు తుమ్మొచ్చింది.

ఆ రాత్రి విరుదునగర్‌లో నూనె పరోటా చెంచాతో తిన్న తొలి మనిషిని నేనేనేమో. కదిలిపోయిన ఆ ఫోటోనే బృందానికి పంపాను. ఇందులో ఎరుపెక్కడ, అన్నీ మూతి కట్టిన గోతాలే కదా అన్నారు. వాళ్ళ కళ్ళు చూడండి అన్నాను. మాటలు రాని చోట కెమెరా చాలనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజు అక్కడున్న వాళ్ళలో ఎవరికీ నా తమిళంతో గానీ ఫోటోతో గానీ పని లేదు, చేతులతోనే పని. ఆ చేతులు మండినన్ని రోజులూ మదురైలో ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు. నిజంగా.

మీరు వెళ్ళాలనుకుంటే మాఘ, ఫాల్గుణాల్లో వెళ్ళండి, రుమాలు రెండు తీసుకెళ్ళండి. ఆ దారిలో స్టాపు లేని చోట బస్సు ఆగితే ఎందుకని అడక్కండి. దిగండి.