ఎడమచేతి కుట్టు

మా బావ ముప్పై నాలుగేళ్లుగా ఊళ్ళోవాళ్ళ కార్లకు సీట్లు కుడుతున్నాడు గానీ, తనకంటూ పాత సైకిలు తప్ప మరో బండి ఉండేది కాదు. అలాంటి మనిషి ఒకరోజు నేను పనిచేసే బస్సు డిపోకి వచ్చి, ఇంజను కింద పడుకుని ఉన్న నా కాలు తట్టి, "ఒరేయ్, పాతకాలం కారొకటి కొంటున్నా. వచ్చి చూడు" అన్నాడు. లేవబోతే నుదురు ఇంజనుకు కొట్టుకుంది.

నా నోరు మంచిది కాదని ఇంటిల్లిపాదీ అంటారు. ఆ రోజు దాన్ని ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "మతి ఉండే మాట్లాడుతున్నావా బావా? నీ కొట్టున్న అద్దెగదిని యజమానులు రెండేళ్లలో అమ్మేస్తామన్నారు. నువ్వూ అక్కా కూడబెట్టింది అది కొనడానికే కదా!"

"అందుకేరా," అన్నాడు తాపీగా. "ఆ డబ్బు ఊరికే పడుంటే గది ధరను ఎప్పటికీ అందుకోలేదు. ఇలాంటి బండ్ల ధర ఏటేటా పెరుగుతోంది. రెండేళ్లు సరదాగా తిరుగుతాం, తర్వాత అమ్మి కొట్టు కొనుక్కుంటాం. మీ అక్క ఒక్కసారైనా ముందు సీట్లో కూర్చోవద్దూ?"

చేతుల మసి తుడుచుకుని ఆయన వెంట బయల్దేరాను.

తప్పులు పట్టాలనే వెళ్ళాను, దాచడమెందుకు! యాభై రెండేళ్ల ముదురాకుపచ్చ కారు. చల్లగా ఉన్న ఇంజనునే స్టార్ట్ చేయమన్నాను, రెండోసారికే అందుకుంది. కింద దూరి సుత్తితో అంతా తట్టి చూశాను, తుప్పు పైపైనే. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. అద్దాల గదిలో పెట్టుకుని మురిసిపోయే రకం కాదు, వానలోనూ ఎండలోనూ నడిపే బండి. మూతి ముడుచుకునే "పర్లేదు" అన్నాను.

అమ్మే ముసలాయన తాళాలిస్తూ ఒక్కమాట చెప్పాడు. "సీట్లు ఫ్యాక్టరీలో చేత్తో కుట్టినవే. సగం ధర వాటిదే. దయచేసి వాటి జోలికి మాత్రం పోకండి."

ఎవరితో ఆ మాట అంటున్నాడో పాపం ఆయనకు తెలియదు.

ఆరు నెలలు బాగానే గడిచాయి. ప్రతి సెలవురోజూ ఇద్దరూ కొండ రోడ్డు మీదుగా వెళ్ళొచ్చేవారు. అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎదురొచ్చిన వాళ్ళందరికీ పరిచయం ఉన్నా లేకపోయినా ఊపేది. ఇంత నవ్వు దాని మొహంలో ఎప్పుడు చూశానో నాకు గుర్తు లేదు.

ఒకరోజు డిపోకి ఫోన్ చేసింది. "ఒరేయ్, నా సీట్లో స్ప్రింగు గుచ్చుకుంటోందని నోరు జారానురా. పొద్దున లేచి చూస్తే మీ బావ సీటు విప్పేసి కూర్చున్నాడు."

పని వదిలేసి కొట్టుకు పరిగెత్తాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు! చెయ్యి కత్తి అందుకున్నాకే బుర్రకు తెలిసుంటుంది. "కొంప ముంచావు కదా బావా! ఇక కొట్టూ లేదు, గిట్టూ లేదు!" అని గుమ్మంలోనే మొదలుపెట్టాను.

బల్లమీద సీటు, మడిచిపెట్టిన తోలు. ఆయన కింద కూర్చుని దానికేసే చూస్తున్నాడు. నేను అరవడం పూర్తయ్యేదాకా ఆగి, "ఇలా రా. చూడు" అన్నాడు.

చూశాను. స్ప్రింగుల మీద కొబ్బరిపీచు, దాని మీద గుర్రపు వెంట్రుకల పొర, మళ్ళీ దూది. ప్రతి స్ప్రింగునూ నాలుగువైపులా తాడుతో కట్టారు. ముళ్ళన్నీ ఒకే సైజు. యాభై రెండేళ్లలో తెగింది ఒకే ఒక్క తాడు. ఎవరి కంటా పడని చోట ఎవరైనా ఇంత శ్రద్ధగా పని చేస్తారా? నేనైతే బస్సు కింద బోల్టు బిగించి, కనబడదు కదా అని మసి కూడా తుడవను. సిగ్గేసింది.

"నేనూ సీట్లు కుట్టానని ఇన్నాళ్లూ అనుకున్నానురా," అన్నాడు బావ. "ఇదిగో, ఈ కుట్లు ఎటు వాలాయో చూడు. నావి ఇటు వాలతాయి. ఇవన్నీ అటు. ఈ మనిషిది ఎడమచేతి వాటం."

తెగిన తాడు మార్చడం ఒక పూట పని. తోలు మళ్ళీ మూయడమే గండం. పాత రంధ్రాల్లోంచే దారం పోవాలి. కుడిచేత్తో లాగితే కుట్టు అడ్డంగా వాలి, ముదిరిన తోలు చిరిగిపోతుంది. అందుకని యాభై ఎనిమిదేళ్ల వయసులో మా బావ ఎడమచేత్తో కుట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

రోజూ కొట్టు పని అయ్యాక తోలుముక్కల మీద సాధన. వేళ్ళకు పట్టీలు. తల దువ్వుకోవడం, టీ తాగడం, అన్నీ ఎడమచేత్తోనే. "తాళం కూడా ఆ చేత్తోనే తీస్తానని నన్ను పావుగంట గుమ్మం ముందు నిలబెట్టాడు మహానుభావుడు" అని అక్క నెత్తి కొట్టుకుంది. నేనూ వెటకారాలు బాగానే ఆడాను. మూడు నెలలు ఆయన ఒక్క మాటా పట్టించుకోలేదు.

మూసే రోజు నేనూ వెళ్ళాను. మైనం పూసిన దారం, దబ్బనం, రెండువందల పన్నెండు రంధ్రాలు. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఒక్క కొత్త రంధ్రం పడలేదు. చిన్నప్పటినుంచీ చూస్తున్న మనిషిని నేను ఏనాడూ సరిగ్గా చూడలేదని ఆ రోజు తెలిసింది.

గది గడువు దగ్గరపడింది. కారుకు ధర కట్టడానికి ఒకాయన వచ్చాడు. భూతద్దంతో అంగుళం అంగుళం చూసి, "సీట్లన్నీ ఫ్యాక్టరీవే. అద్భుతం" అని కాగితం మీద రాయబోయాడు. ఆ ధర వస్తే కొట్టు మాదే. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కాదండీ," అన్నాడు బావ. "ఒక సీటు నేను విప్పాను."

బావ కాలు తొక్కాను. లాభం లేకపోయింది.

ధర కట్టే ఆయన మళ్ళీ భూతద్దం తీశాడు. అరగంట వెతికి, డ్రైవరు సీటు చూపించాడు. "ఇదే కదూ?"

"అది మొదట కుట్టినాయనదండీ. నాది ఆ పక్కది."

ధర కట్టే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేస్త్రీ గారూ, మీరు చెప్పకపోతే ఈ జన్మలో తెలిసేది కాదు. చెప్పారు కాబట్టి రాయక తప్పదు. ధర తగ్గుతుంది."

"రాయండి."

ఇక నేను ఆగలేదు. "ఎందుకు చెప్పావు బావా? నీ నోట్లో నువ్వు గింజ నానదా?"

"రేపు నేను కుట్టిన దారం తెగితే మొదట కుట్టినాయన్ని తిట్టుకుంటారురా," అన్నాడు మెల్లగా. "నా తప్పుకు ఆయన మాట పడకూడదు."

తగ్గిన ధరకు కొట్టు రాదు. అక్క గోడకున్న కత్తెరల కేసి చూసింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. "తక్కువైంది నేనేస్తాను. ఇద్దరూ నోరుమూసుకుని తీసుకోండి" అని అరిచాను. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. బావ నవ్వాడు.

ధర కట్టే ఆయన కాగితం మీద వంగాడు. "కుట్టినవారు అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

బావ ఆ పక్క సీటు కుట్టు మీద ఎడమచెయ్యి వేశాడు. "మొదట, ఒక ఎడమచేతి మనిషి, పేరు తెలియదు అని రాయండి. ఆ కింద, ఆయన శిష్యుడు అని రాయండి."